కార్తీకంలో మా పెరడు: బీరపువ్వులు, పసుపాకులు, ఒక పడిపోయిన గోడ



పోయిన నెల సమావేశంలో "మన బరంపురం తెలుగువాళ్ళ చరిత్ర ఎవరైనా రాయండి" అన్నారు. నేను రాస్తానని చెయ్యెత్తాను. ఇంటికొచ్చి కూర్చుంటే 1936 తప్ప ఇంకేమీ తోచలేదు. మనలో ఎవరు చరిత్ర మొదలుపెట్టినా అక్కడే మొదలుపెడతారు, అక్కడే ఆపేస్తారు. అంతలో పెరట్లోంచి మా ఆవిడ కేకేసింది, ఆనపపాదు పందిరితో సహా ఒరిగిపోయిందని. వెళ్ళి రాటలు నిలబెట్టి, తాళ్ళు బిగించి, చేతులు కడుక్కునేసరికి చీకటి పడిపోయింది. అప్పుడనిపించింది, రాయాల్సింది ఈ పెరటి గురించేనని.

దానికి ఇంకో కారణం కూడా ఉంది. మా అన్నదమ్ముల మధ్య మాట అయిపోయింది. పాత ఇంటిని బిల్డరుకి ఇచ్చేస్తున్నాం. సంక్రాంతి దాటాక పడగొడతారు. అంటే ఈ ఆశ్వయుజం, ఈ కార్తీకం మా పెరటికి ఆఖరివి. నేను ఎవరినీ తప్పుపట్టడం లేదు. సంతకం నేనూ పెట్టాను. కానీ పెట్టిన దగ్గర్నుంచి రోజూ పొద్దున్నే నూతి పక్కన నిలబడి లెక్కపెడుతున్నాను, ఇందులో ఏది ఎక్కడినుంచి వచ్చింది, ఏది మాతో వస్తుంది అని.

శరదృతువులో పెరటి పని మీకు తెలియనిది కాదు. అయినా ఒకసారి చెప్పుకుందాం, ఎందుకంటే మన పిల్లలకి తెలియదు. వానలు వెనక్కి తగ్గగానే ముదిరిన బెండ మొక్కలు పీకెయ్యాలి. వానకి గట్టిపడిన నేలని తవ్వి, గెత్తం వేసి, మళ్ళు కట్టాలి. వంగ నారు, మిరప నారు, రామములక్కాయ నారు నాటాలి. ముల్లంగి, మెంతులు, ధనియాలు చల్లాలి. వానల మొదట్లో పెట్టిన చిక్కుడు ఇప్పటికి పాకి ఉంటుంది, దానికి పందిరి గట్టి చెయ్యాలి. పొట్లకాయ వంకర తిరగకుండా కొసకి చిన్న రాయి కట్టాలి. బూడిద గుమ్మడికాయలు దించి, వడియాల కోసం అటక మీద దాచాలి.

ప్రతి పనికీ ఒక పొరపాటు తోడుంటుంది. ధనియాలనే తీసుకోండి. ఒక్కో ధనియంలో రెండు బద్దలుంటాయి. నేలమీద పోసి చెప్పుతో మెల్లగా నలిపి, బద్దలు విడదీసి చల్లాలి. నేను మొదటిసారి కిరాణా కొట్టులోంచి తెచ్చినవి తెచ్చినట్టు చల్లేశాను. సగం చీమలు మోసుకుపోయాయి, మిగిలిన సగం ఆ రాత్రి వానకి కొట్టుకుపోయి కాలవ పక్కన మొలిచాయి. రెండేళ్ళపాటు మా ఇంట్లో కొత్తిమీర కావాలంటే "కాలవ దగ్గర చూడు" అనేవారు. చిక్కుడుకి పేనుబంక పడితే తెల్లవారుజామున మంచు తడి ఉండగానే పొయ్యి బూడిద చల్లాలి. ఎండెక్కాక చల్లితే అది ఆకుకి అంటదు, మన కళ్ళలోనే పడుతుంది. ఇప్పుడు గ్యాసు పొయ్యిలు, ఆ బూడిద కూడా లేదు.

ఇంక గుమ్మడి పిందె. పిందెని వేలెత్తి చూపిస్తే కుళ్ళిపోతుందని మా మామ్మ అనేది. మేము చిన్నప్పుడు పిడికిలి ముడిచి చూపించేవాళ్ళం. ముసురు పట్టిన రోజుల్లో తేనెటీగలు రాక, పుప్పొడి అందక పిందెలు రాలిపోతాయనీ, పండుఈగ పొడిస్తే లోపల కుళ్ళుతుందనీ తర్వాత తెలిసింది. తెలిసినా ఇప్పటికీ నేను వేలెత్తి చూపించను.

ఇప్పుడు చరిత్రకి వస్తాను. మహాలయ పక్షంలో మన ఇళ్ళలో తద్దినం వంట జ్ఞాపకం చేసుకోండి. కంద, చేమ, అరటికాయ, కాకరకాయ, పెసరపప్పు, అల్లం, మిరియాలు. బంగాళాదుంప ఉండదు, టమాటా ఉండదు, మిరపకాయ ఉండదు, క్యాబేజీ ఉండదు. చిన్నప్పుడు ఇదంతా మన ఇంటి మడి అనుకునేవాణ్ణి. ఒకసారి పూరీ వెళ్ళినప్పుడు తెలిసింది, జగన్నాథుడి మహాప్రసాదం వంటలో కూడా ఈ బంగాళాదుంప, టమాటా, మిరపకాయ, క్యాబేజీలే నిషేధమని. భాష వేరైన రెండు వంటశాలలు ఒకే కూరల్ని ఎందుకు వద్దన్నాయి?

అవి కొత్తగా వచ్చినవి కాబట్టి. మిరప, టమాటా, బంగాళాదుంప మూడూ అమెరికా ఖండం పంటలు. 1492లో కొలంబస్ అటు వెళ్ళకముందు ఆసియాలో ఎవరికీ తెలియవు. 1498లో వాస్కో డ గామా వచ్చిన తర్వాత పోర్చుగీసు ఓడల ద్వారా మిరప మన తీరానికి చేరింది. శ్రీనాథుడి కాలానికి తెలుగు నేలమీద మిరపకాయ లేదు, కారం అంటే మిరియమే. అందుకే కొత్త కాయకి మిరియం పేరే సాగదీసి మిరపకాయ అన్నాం. బంగాళాదుంప పేరులోనే బంగాళం ఉంది. రామములక్కాయ అంటే ఇప్పుడు పట్నం పిల్లలు ములక్కాడ అనుకుంటున్నారు, కాదు. నేలములక అని మందుమొక్క ఉంది చూడండి, వంగ జాతిది, ఆ ములక. అదే టమాటాని మన ఒడియా ఇరుగుపొరుగు బిలాతి బైగణ అన్నారు, అంటే సీమ వంకాయ. వాళ్ళూ మనమూ ఎవరినీ అడక్కుండానే, ఆకూ పువ్వూ చూసి, ఇది వంగ చుట్టమని సరిగ్గా పోల్చుకున్నాం. గుమ్మడికాయ దగ్గర మాత్రం ఈ లెక్క కుదరదు. ఎర్రగుమ్మడి కూడా అమెరికాదే, కానీ మన పెరట్లో దాన్ని పరాయిదని అనేవాళ్ళెవరూ లేరు. ముందొచ్చినవాళ్ళు, వెనకొచ్చినవాళ్ళు అని పాదులు గొడవపడవు.

మన మాటా అంతే కదా. మహురీ పాలకులు రాజమహేంద్రవరం వైపు నుంచి పట్టు నేతగాళ్ళని పిలిపించారని, ఠాకురాణి యాత్ర వాళ్ళతోనే మొదలైందని ఈ ఊళ్ళో చెప్పుకుంటారు. నేతగాళ్ళు వచ్చారు, తర్వాత కంపెనీ కొలువులతో గుమాస్తాలు, ప్లీడర్లు, రైలుతో ఇంకొందరు వచ్చారు. గంజాం జిల్లా అప్పుడు మద్రాసు రాజధానిలో ఉండేది. 1894లో వి. వి. గిరి గారు పుట్టింది ఆ బరంపురంలోనే. ఒడియా వాళ్ళకి మాత్రం వాళ్ళ మనుషులు మూడు నాలుగు రాజ్యాల కింద చెదిరిపోయి ఉన్న కాలం అది. మధుసూదన్ దాస్ గారు 1903లో ఉత్కళ సమ్మిళని పెట్టి, అందరినీ ఒక్కచోటికి తేవాలని అడిగారు. అందులో న్యాయం ఉంది. ఓడోనెల్ కమిటీ హద్దులు చూసింది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడింది. బరంపురం ఇటు వచ్చింది, పాతిక కిలోమీటర్ల దూరంలో ఉన్న ఇచ్ఛాపురం అటు ఉండిపోయింది.

మా మామ్మ అంతకు ముందు ఏడాదే కాపురానికి వచ్చింది. పుట్టిల్లు ఇచ్ఛాపురం దగ్గర. "మీ తాతగారికి ఆ రోజు కచేరీలో పని ఉంది, నాకు పెరట్లో పని ఉంది. వేసవి కదా, తోటకూరకి నీళ్ళు పోసుకున్నాను. రాష్ట్రం ఎప్పుడు మారిందో నాకేటి తెలుసు?" అనేది. ఆమె పుట్టింటి నుంచి ఒళ్ళో కట్టుకుని తెచ్చిన బీర గింజలే మా పెరటి బీరపాదు. ప్రతి ఏడూ ఒక కాయ ముదరనిచ్చి, ఎండబెట్టి, గింజ దాచి మళ్ళీ పెట్టిందే. అప్పటినుంచి ఇప్పటిదాకా తెగలేదు.

ఆ బీరపాదుకే మొదటి తగువు వచ్చింది. ఆశ్వయుజంలో ఒడియా ఆడపిల్లలు జహ్ని ఓషా చేస్తారని మీ అందరికీ తెలుసు. జహ్ని అంటే బీర. నెలంతా ఆ పువ్వులతో సాయంత్రం వృందావతికి పూజ చేసి, కుమార పూర్ణిమతో ముగిస్తారు. ఆ నెల వాళ్ళు బీరకాయ తినరు. బీరపువ్వు పొద్దువాలే వేళకే విచ్చుకుంటుంది, ఆ వేళకే పిల్లలు బుట్టలు పట్టుకుని వచ్చేవాళ్ళు. మామ్మ కొత్తలో కాదనలేక కోసుకోమంది. తీరా ఆ ఏడాది ఒక్క కాయ లేదు. పిల్లలు పువ్వు వెనక చిన్న పిందె ఉన్నవి కూడా కోసేశారు. మామ్మకి ఒడియా రాదు, పిల్లలకి తెలుగు రాదు. మర్నాడు రెండు పువ్వులు చేత్తో పట్టుకుని, ఒకదాని వెనక పిందె చూపించి "పాప", రెండోదాన్ని చూపించి "బాబు" అని చెప్పిందట. బాబుల్నే కొయ్యండి, పాపల్ని వదిలెయ్యండి అని. పిల్లలు పడీపడీ నవ్వారట. మామ్మ నేర్పిన మొదటి తెలుగు పాఠం అదే, ఆమె నేర్చుకున్న మొదటి ఒడియా మాట జహ్ని. కుమార పూర్ణిమ అయిన మూడో రోజు మన అట్లతద్ది. ఆ పిల్లలే మా పెరట్లో ఉయ్యాల ఊగడానికి వచ్చేవాళ్ళు.

రెండో కథ పసుపాకులది. కార్తీక పూర్ణిమ దాకా మన పంచాంగం, ఒడియా పంచాంగం ఒకే నెల పేరు చెబుతాయి. పూర్ణిమ మర్నాటి నుంచి తేడా వస్తుంది. మనకి నెల అమావాస్యతో ముగుస్తుంది కాబట్టి ఇంకా కార్తీకమే, వాళ్ళకి నెల పూర్ణిమతో ముగుస్తుంది కాబట్టి మార్గశిరం వచ్చేస్తుంది. ఆ పక్షం రోజులు ఒక గోడకి ఇటు కార్తీకం, అటు మార్గశిరం. మన కార్తీక బహుళ అష్టమి నాడు వాళ్ళకి ప్రథమాష్టమి. ఇంట్లో మొదటి బిడ్డకి కొత్త బట్టలు పెట్టి, పసుపాకులో ఎండురి పిఠా ఆవిరి మీద వండుతారు. ఆకు లేకపోతే పిఠా లేదు.

నాకు పదేళ్ళప్పుడు, వంటింటి పక్క మడి బాగుచెయ్యమంటే, పసుపు మొక్కలు పచ్చబడటం మొదలైంది, ఇంక ఎండిపోతాయి కదా అని ఆకులన్నీ కొడవలితో మొదలంటా కోసి ఆవుకి వేసేశాను. మంచి పని చేశానని మెచ్చుకుంటారని చూస్తున్నాను. నాలుగు రోజులకి గోడ అవతల నుంచి మావుసీ పిలిచింది, "హళదీ పత్రొ" అంటూ. వాళ్ళ పెద్దబ్బాయికి అది మొదటి ప్రథమాష్టమి. మామ్మ నన్నేమీ అనలేదు. చెయ్యి పట్టుకుని వీధంతా తిప్పింది. ప్రతి గుమ్మం దగ్గరా నిలబెట్టి "వీడు కోసేశాడమ్మా, ఓ నాలుగు పసుపాకులు ఉంటే పెట్టండి" అని అడిగింది. ఏడో ఇంట్లో దొరికాయి. ఆ సాయంత్రం మావుసీ పంపిన పిఠాలు ఆకు విప్పి తింటే, లోపల కొబ్బరి, బెల్లం, పసుపాకు వాసన. ఎంత సిగ్గుపడ్డానో అంత తిన్నాను. అప్పటినుంచి మా ఇంట్లో పసుపు ఆకు కొయ్యాలంటే ముందు ఒడియా క్యాలెండరు చూస్తాం.

కార్తీకంలో రెండు ఇళ్ళ వంటా దగ్గరగానే ఉంటుంది. వాళ్ళు హబిష చేస్తే పచ్చి బియ్యం అన్నం, పెసరపప్పు, అరటికాయ, వాళ్ళు సారు అనే చేమదుంప, ఔ కాయ. మనం సోమవారాలు ఉండి కంద, చేమ, అరటి వండుకుంటాం. మా కంద వాళ్ళకి, వాళ్ళ ఔ కాయ మాకు. కంద తవ్వడంలో నా ఘనత కూడా చెప్పాలి. చుట్టూ మట్టి తీసి మెల్లగా లేపాలి. నేను తొందరపడి గునపంతో నడుముకి పొడిచాను. రెండు ముక్కలైంది, చేతులు మోచేతిదాకా దురద. సబ్బుతో కడిగితే తగ్గదు, చింతపండు పులుసు రాస్తే కొంచెం ఊరట. కందలో కంటికి కనపడని సూదుల్లాంటి స్ఫటికాలుంటాయి, అవే గుచ్చుకుంటాయి. అందుకే కంద కూరలో చింతపండు ఉంటుంది.

ఇక గోడ కథ. మన శరదృతువుకి భయం తుపానే. నైరుతి వెనక్కి తగ్గే రోజుల్లో బంగాళాఖాతం ఇంకా వేడిగానే ఉంటుంది. 1999 అక్టోబరు 17న తుపాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటి మన ఊరిని ఊపేసింది. పన్నెండు రోజులకి, 29న, పారాదీప్ వైపు వచ్చిన మహాతుపాను ముందు మనది ఎవరికీ గుర్తులేకుండా పోయింది. 2013 అక్టోబరు 12న ఫైలిన్ మళ్ళీ గోపాల్‌పూర్ దగ్గరే. సరిగ్గా ఏడాదికి అదే తేదీన విశాఖలో హుద్‌హుద్. 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తిత్లీ. అన్నీ దసరా చుట్టుపక్కలే. కబురు రాగానే పెరట్లో చెయ్యాల్సిన పనులున్నాయి. కాయలన్నీ కోసెయ్యాలి, పందిరి కట్లు విప్పి పాదుని నేలకి దించాలి, మునగ కొమ్మలు కొట్టెయ్యాలి. మునగ కర్ర పెళుసు, గాలికి నిలవదు.

ఫైలిన్ రోజున నేను మొదటి రెండూ చేశాను. మునగకి పూత ఉంది, మనసొప్పక వదిలేశాను. ఆ రాత్రి అది విరిగి మావుసీ వాళ్ళ గోడ మీద పడింది. అసలే నానిపోయిన మట్టి గోడ, మొత్తం కూలిపోయింది. పొద్దున్నే క్షమించమని అడగడానికి వెళ్తే, వాళ్ళింటి రేకులు మా నూతి దగ్గర పడి ఉన్నాయి. ఎవరు ఎవరిని క్షమించాలో తెలియక ఇద్దరం టీ తాగాం. ఎన్నో రోజులు కరెంటు లేదు, వాళ్ళు మా నూతి నీళ్ళే తోడుకున్నారు.

వేసవి దాకా గోడ లేదు. వాళ్ళ గుమ్మడి తీగ మా వైపు పాకి, ఇక్కడ కాయ కాసింది. తీగ వాళ్ళది, కాయ మా నేలలో. సగం సగం కోసుకున్నాం. వాళ్ళు దాల్మా వండారు, మేము పులుసు పెట్టాం. తర్వాత సిమెంటు గోడ కట్టాం, కట్టక తప్పదు. కానీ విరిగిన మునగ కొమ్మ ఒకటి నేను ఇటు పాతాను, మావుసీ కొడుకు ఒకటి అటు పాతాడు. మునగ కొమ్మతోనే బతుకుతుంది. ఇప్పుడు రెండు చెట్లూ గోడ ఎత్తు దాటి ఉన్నాయి. ఆ పిల్లాడే, పసుపాకులు దొరక్క ఏడిపించిన మొదటి ప్రథమాష్టమి పిల్లాడు, ఇప్పుడు ఇద్దరు బిడ్డల తండ్రి. నన్ను "బాబాయ్" అని తెలుగులోనే పిలుస్తాడు.

1936 గురించి నాకు తోచింది ఇంతే. హద్దు ఎక్కడ వెయ్యాలో కాగితం మీద తేల్చారు. గీతకి రెండు పక్కలా ఎలా బతకాలో మాత్రం పెరట్లో ఆడవాళ్ళు తేల్చుకున్నారు. దానికి రికార్డు లేదు. ఒక బీరగింజ, ఒక పసుపు దుంప, రెండు భాషల్లో నాలుగు పేర్లు, అంతే.

మా అమ్మాయి పుణెలో ఉద్యోగం చేస్తోంది. తెలుగు మాట్లాడుతుంది, చదవలేదు. ఈ వ్యాసం నేనే ఫోనులో చదివి వినిపించాలి. మొన్న వచ్చినప్పుడు "నాన్నా, పాదు అంటే ఏంటి? తీగా, గొయ్యా?" అని అడిగింది. రెండూనమ్మా అన్నాను. పెరట్లోకి తీసుకెళ్ళి చూపిస్తే ఒక్క నిమిషంలో అర్థమైంది. వచ్చే ఏడాది అడిగితే నేను ఏం చూపించాలి? నారు, మడి, రాట, పందిరి, పిందె, గెత్తం... ఈ మాటలు పుస్తకంలో లేక పోవు, పెరడు లేక పోతాయి.

అందుకని సంఘానికి నాదొక మనవి. కార్తీక వనభోజనాలకి అందరం ఉసిరి చెట్టు కింద కలుస్తాం కదా. ఈసారి పులిహోర, పెరుగన్నంతో పాటు ప్రతి ఇంటి నుంచి ఒక గింజల పొట్లం తీసుకురండి. బీర, ఆనప, చిక్కుడు, ఏదైనా సరే. సంత గింజ వద్దు, మీ ఇంట్లో తరతరాలుగా పెడుతున్నది కావాలి. పొట్లం మీద తెలుగు పేరు, ఒడియా పేరు, ఎవరు ఎక్కడినుంచి తెచ్చారో ఒక్క ముక్క రాయండి. తెలుగు రాయడం రాని పిల్లలైతే ఒడియా లిపిలోనో ఇంగ్లీషు లిపిలోనో రాసినా పర్వాలేదు, పేరు మాత్రం అడిగి రాయండి. ఆనప గింజ తెచ్చేవాళ్ళు మాత్రం కాయ కొంచెం కొరికి చూసి, చేదు లేదని తేలాకే తెండి. చేదు ఆనప కూర తింటే ప్రాణం మీదకి వస్తుంది, దాని గింజ పంచకూడదు.

నా వంతుగా మామ్మ బీరగింజలు ఇరవై పొట్లాలు కడుతున్నాను. కంద పిలకలు, పసుపు దుంపలు సంక్రాంతిలోగా తవ్వుతాను, ఈసారి గునపం వాడను. మునగ కొమ్మలు కావలసినవాళ్ళు ముందే చెప్పండి. ఇంకా పెరడున్నవాళ్ళు తీసుకుని పెట్టుకోండి, అపార్ట్‌మెంటు వాళ్ళు బకెట్లో పెట్టినా బీర పాకుతుంది.

ఈ ఏడాది ప్రథమాష్టమికి పసుపాకులు కోసి గోడ అవతలికి ఇచ్చే పని నాదే. వచ్చే ఏడాదికి ఆ ఆకు ఎవరి పెరట్లో ఉంటుందో కింద రాయండి. ఏడిళ్ళు తిరక్కుండా నేరుగా మీ గుమ్మానికే వస్తాను.